మొదటిసారి పండక్కి ఇంటికి వెళ్లడం లేదు, వంట నేనే చేయాలి. ఎక్కడ మొదలుపెట్టను?

వానకోయిల · మొదటి రోజు, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. కొత్తవాళ్లకి పండగ సెలవు ఒక్క రోజే అన్నారు. ప్రయాణానికే రెండు రోజులు పడుతుంది కాబట్టి ఈసారి ఇంటికి వెళ్లడం కుదరదు. నాకు 24 ఏళ్లు. పండగ పూట ఇంట్లో లేకపోవడం ఇదే మొదటిసారి.

అమ్మకి ఫోన్‌లో "పర్లేదమ్మా, ఇక్కడే వండుకుంటా" అని చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడుపొచ్చింది. తర్వాత కాగితం తీసుకుని పండగ రోజు మా ఇంట్లో ఏమేం వండుతారో రాశాను. తొమ్మిది రకాలు తేలాయి. తొమ్మిదీ చేయాలని ఉంది. ఒక్కటి తగ్గినా పండగలా ఉండదేమో అనిపిస్తోంది.

నా దగ్గరున్నవి రెండు బర్నర్ల స్టవ్, చిన్న కుక్కర్, ఒక బాణలి, రెండు గిన్నెలు, చిన్న ఫ్రిజ్. రోజూ అన్నం, ఒక కూర చేసుకోవడం వచ్చు, అంతే. పండక్కి ఇంకా 11 రోజులుంది. తినేది నేను, పక్క ఫ్లాట్‌లో ఉండే ఇద్దరు అమ్మాయిలు. వాళ్లూ ఈసారి ఇళ్లకి వెళ్లడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

పెద్దక్క · మొదటి రోజు, రాత్రి 11:15

తల్లీ, ముందు ఆ కాగితం ఇంకోసారి చూడు. ఆ తొమ్మిది రకాలూ మీ అమ్మ ఒక్కతే చేసేదా? మా ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. ఒకరు తరుగుతుంటే ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు గిన్నెలు కడుగుతూ, పిల్లలు అందిస్తూ. ఆ నలుగురి పని నువ్వు ఒక్కదానివే మీదేసుకుంటే సాయంత్రానికి కూడా తెమలదు. తెమిలాక తినే ఓపికా మిగలదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మొదటి పండక్కి ఏడు రకాలు చేశాను. అందరికీ వడ్డించి పక్క గదిలో పడుకుండిపోయాను. ఏం తిన్నానో ఈరోజుకీ గుర్తులేదు.

ఆ తొమ్మిదిట్లో ఏది లేకపోతే నీకు పండగ కాదు? ఒక్కటి చెప్పు.

వానకోయిల · మొదటి రోజు, రాత్రి 11:32

అక్కా, నిజమే. అమ్మ, పిన్ని, నాయనమ్మ ముగ్గురూ తెల్లవారుజామునే లేచి చేసేవాళ్లు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అది లెక్కపెట్టలేదు.

ఒక్కటే అంటే నాయనమ్మ కూర. ఎర్ర చిక్కుడు గింజలు, అదే రాజ్మా, నానబెట్టి, ఉల్లిపాయలు ముదురు రంగు వచ్చేదాకా వేయించి, పల్లీల పొడి వేసి సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచేది. ఆ వాసనకే మాకు మెలకువ వచ్చేది. దానికి వేరే పేరు కూడా లేదు, ఇంట్లో అందరం 'నాయనమ్మ కూర' అనే అంటాం.

గరిటెపట్టినవాడు · రెండో రోజు, ఉదయం 6:05

11 ఏళ్లుగా వంటశాలలో పని చేస్తున్నాను. మేం రోజూ చేసే పద్ధతి చెబుతా. వంటకాల పేర్ల కంటే ముందు తినే టైమ్ రాసుకోండి. ఒంటిగంటకి తినాలంటే అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి. ఆఖరి గంటలో మీ స్టవ్ మీద పట్టేవి రెండే. కాబట్టి వేడివేడిగా తినాల్సినవి కూడా రెండే ఉండాలి, అన్నం, ఆ కూర. మూడోది పొయ్యి అక్కర్లేనిది, పచ్చి కూరగాయల ముక్కలు నిమ్మరసంతో. నాలుగోది ముందు రోజే చేసిపెట్టుకునే తీపి ఏదైనా. ముగ్గురికి ఇది నిండు భోజనం.

ఒక్కో పనికి మీరు ఎంత టైమ్ అనుకుంటారో దానికి సగం కలుపుకోండి. అలవాటు లేని చేతికి తరగడానికే ఎక్కువ పడుతుంది. కత్తికి ఇప్పుడే పదును పెట్టించండి. మొద్దు కత్తికి బలం ఎక్కువ వాడాలి, జారితే నేరుగా వేలి మీదికే వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పండక్కి ముందు ఆ కూర కనీసం రెండుసార్లు చేసి చూడండి. మొదటిసారి చేసే వంట పండగ రోజు చేయకూడదు.

చదువరి · రెండో రోజు, ఉదయం 9:20

నాది వేరే అభిప్రాయం. ఒక్క రోజు సెలవు దొరికితే అది కూడా వంటింట్లోనే గడపాలా? బయటి నుంచి తెప్పించుకుని, ఇంట్లోవాళ్లతో తీరిగ్గా మాట్లాడి, హాయిగా నిద్రపోండి. ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదా.

నిదానం · రెండో రోజు, రాత్రి 9:50

చదువరి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. అలసిపోయినవాళ్లకి అది సరైన సలహానే. నాకు ఎలా అయిందో చెబుతాను.

నా భార్య పోయిన ఏడాది పిల్లలు దూరదేశంలో ఉన్నారు, రాలేకపోయారు. పండగ రోజు భోజనం తెప్పించుకున్నాను. డబ్బాలు విప్పి తినడం పది నిమిషాల్లో అయిపోయింది. అప్పుడు టైమ్ పన్నెండున్నర. ఆ తర్వాత రాత్రి దాకా ఆ రోజు ఎంత పొడుగ్గా ఉందో మాటల్లో చెప్పలేను. తర్వాతి ఏడాది నేనే వండాను. గొప్పగా రాలేదు. కానీ కూరగాయలకి వెళ్లడం, కడగడం, తరగడం, పాలు పొంగకుండా దగ్గరే నిలబడడం, ఇలా పొద్దుటి నుంచి చేతికి పని ఉంది. చేతికి పని ఉన్నంతసేపూ మనసు కొంచెం నిలకడగా ఉంది.

అమ్మా వానకోయిలా, ఒక్కటి గుర్తుపెట్టుకో. కష్టంగా ఉండేది వండే టైమ్ కాదు, సాయంత్రం. అందరూ వెళ్లిపోయాక, గిన్నెలు కడిగేశాక. ఆ గంటకి ఏదో ఒకటి ముందే అనుకుని ఉంచుకో.

చదువరి · రెండో రోజు, రాత్రి 10:15

నిదానం గారూ, ఇలా ఆలోచించలేదు. చెప్పినందుకు ధన్యవాదాలండి.

మూడోషిఫ్ట్ · మూడో రోజు, ఉదయం 7:40

నర్సుని. ఇప్పుడే డ్యూటీ దిగాను. వరసగా నాలుగేళ్లు పండగ రోజు వార్డులోనే ఉన్నాను. మేం నలుగురం కలిసి మరుసటి రోజు మధ్యాహ్నాన్ని మా పండగగా పెట్టుకున్నాం. మొదటి ఏడాది వెలితిగా అనిపించింది, ఇప్పుడు అలవాటైంది. ఆ రోజున సెలవు దొరకనివాళ్లు ఇలా ప్రయత్నించండి.

వానకోయిల గారూ, వచ్చే ఇద్దరికీ ఏదైనా పదార్థం పడకపోవడం ఉందేమో ముందే అడగండి. కూరలో పల్లీలు అంటున్నారు కాబట్టి చెబుతున్నా. పల్లీలు పడనివాళ్లకి కొంచెం తగిలినా గొంతు వాచి ఊపిరి అందని పరిస్థితి రావచ్చు. అలాంటివాళ్లు మా దగ్గరికి వస్తుంటారు.

రెండోమెట్టు · మూడో రోజు, సాయంత్రం 6:30

నేను హాస్టల్ విద్యార్థిని. నాకు ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే ఉంది. ఇంటికి వెళ్లడం లేదు. కెటిల్‌లో పాలు కాచి ఏదైనా తీపి చేయొచ్చా?

గరిటెపట్టినవాడు · మూడో రోజు, రాత్రి 11:50

వద్దు తమ్ముడూ. మామూలు కెటిల్ నీళ్ల కోసం చేసింది. పాలు పొంగి కిందున్న వైరింగ్‌లోకి పోతాయి, అడుగున మాడి అంటుకుపోతాయి. హాస్టల్ వంటవాళ్లని అడుగు. భోజనాల టైమ్ అయిపోయాక ఒక పొయ్యి గంటసేపు ఇమ్మను. వంట పని చేసేవాళ్లం ఇలాంటి మాటకి కాదనడం తక్కువ. నీతోపాటు ఇంటికి వెళ్లనివాళ్లు ఇంకెవరున్నారో కూడా చూడు.

వానకోయిల · ఐదో రోజు, రాత్రి 8:10

ఈరోజు మొదటిసారి చేసి చూశాను. బాగా రాలేదు. చాలా బాధగా ఉంది.

వీడియోలో ఉల్లిపాయలు పది నిమిషాల్లో రంగు మారతాయన్నారు. నాకు పది నిమిషాలకి తెల్లగా, నీళ్లు నీళ్లుగా ఉన్నాయి. మంట పెంచితే అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోయాయి. నాయనమ్మ రెండు చెంచాల ఉప్పు అంది, రెండే వేశాను, నోట్లో పెట్టుకోలేకపోయాను. బంగాళదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందని ఎక్కడో చదివి రెండు వేశాను, ఏమీ తగ్గలేదు. కూర అడుగంటింది కూడా. అంతా పారబోశాను.

ప్రయోగశాల · ఐదో రోజు, రాత్రి 8:45

ఒక్క ప్రశ్న. మీ నాయనమ్మ వాడేది రాళ్ల ఉప్పా, మెత్తటి ఉప్పా?

వానకోయిల · ఐదో రోజు, రాత్రి 8:52

రాళ్ల ఉప్పండీ! జాడీలో ఉంటుంది. నాది ప్యాకెట్‌లో వచ్చే మెత్తటిది.

ప్రయోగశాల · ఐదో రోజు, రాత్రి 9:30

అయితే తప్పు మీ చేతిది కాదు, చెంచాది. రాళ్ల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి అదే చెంచాలో ఉప్పు తక్కువ పడుతుంది. మెత్తటిది ఖాళీ లేకుండా నిండుతుంది. రెండూ ఒకే ఉప్పు, బరువు మాత్రం తేడా. అందుకే పాత చేతివంట నేర్చుకునేటప్పుడు చెంచాలు నమ్మకుండా గ్రాముల్లో తూచాలి.

బంగాళదుంప సంగతి చాలామంది నమ్ముతారు. దుంప చుట్టూ ఉన్న ఉప్పునీళ్లని పీల్చుకుంటుంది, అందులోంచి ఉప్పుని మాత్రమే విడదీసి లాక్కోదు. మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే ఉప్పు వేయని పదార్థం ఇంకొంత కలపడమే దారి. కొన్ని గింజలు ఉప్పు లేకుండా ఉడికించి పక్కన పెట్టుకోండి, ధైర్యంగా ఉంటుంది.

ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీళ్లే. ఆ నీళ్లు పోయేదాకా బాణలిలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మనకి కావలసిన రంగు, వాసన బాగా వచ్చేది 140 డిగ్రీల చుట్టుపక్కల. బాణలి నిండా వేస్తే ఆవిరి బయటికి పోలేక ఉల్లిపాయ వేగే బదులు ఉడుకుతుంది. రెండు వాయలుగా వేయించండి. ముదురు రంగు రావాలంటే మధ్యస్థ సెగ కన్నా తక్కువలో 40 నిమిషాలైనా పెట్టుకోండి. పది నిమిషాలు అన్న వీడియో మిమ్మల్ని అనవసరంగా బాధపెట్టింది.

అడుగంటడానికి కారణం పల్చటి గిన్నె అయ్యుండాలి. మంట తగిలే చోటే వేడెక్కుతుంది. కింద మందపాటి పెనం పెట్టి దాని మీద గిన్నె ఉంచితే సెగ సర్దుకుంటుంది.

చివరిగా చాలా ముఖ్యమైనది. రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా తెర్లేలా మరిగించాలి. మరగడం మొదలయ్యాక 10 నిమిషాలకే అది పోతుంది, నేను 30 నిమిషాలు ఉంచమంటాను. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి ఇంకా నిశ్చింత. మొదటి నుంచీ సన్నటి సెగ మీదే పెట్టేస్తే మాత్రం ప్రమాదం. మరిగించాక సన్నసెగ మీద ఎంతసేపైనా ఉంచుకోండి. కుక్కర్‌లో గింజలు, నీళ్లు కలిపి సగానికి మించకూడదు, ఉబ్బుతాయి.

మూడోషిఫ్ట్ · ఆరో రోజు, సాయంత్రం 5:20

మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి చెబుతాను. వీడియో కాల్‌లో నాయనమ్మని ఎప్పటిలాగే చేత్తో తీయమనండి. నేరుగా కూరలో వేయనివ్వకుండా ప్రతిదీ ముందు ఒక్కో చిన్న గిన్నెలో పెట్టమని, పక్కన ఎవరినైనా తూకం వేయమనండి. "ఎంత వేస్తావు" అని అడిగితే "చూసి వేస్తా" అంటారు. వాళ్ల చేతికి తెలుసు, నోటికి చెప్పడం రాదు.

వానకోయిల · ఏడో రోజు, రాత్రి 9:05

చేశాం! తమ్ముడు తూకం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. నాయనమ్మ చిటికెడు అంటే మూడు వేళ్లతో తీసేది, నేను రెండు వేళ్లతో తీస్తున్నాను. ముగ్గురికి సరిపడా కూరకి ఆమె రెండు చెంచాల ఉప్పు 9 గ్రాములు. నేను నా చెంచాతో రెండు తీసి తూచితే 17 గ్రాములుంది!

గంటన్నర మాట్లాడుకున్నాం. ఈ ఐదు నెలల్లో నాయనమ్మతో ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదలు.

ఇంకో సంగతి. పక్క ఫ్లాట్ అమ్మాయిల్ని అడిగాను. ఒకమ్మాయికి పల్లీలు పడవు, చిన్నప్పుడు ఆస్పత్రిలో కూడా ఉందట. మూడోషిఫ్ట్ అక్కా, మీరు చెప్పకపోతే నేను అడిగేదాన్నే కాదు. ఇప్పుడు ఏం చేయాలి? పల్లీలు లేకపోతే అది నాయనమ్మ కూరే కాదు కదా.

పెద్దక్క · ఏడో రోజు, రాత్రి 9:40

ఆమెనే అడుగు తల్లీ. కూర ఆమెది.

వానకోయిల · ఎనిమిదో రోజు, రాత్రి 10:20

అడిగాను. నాయనమ్మ ఏమందో తెలుసా? వాళ్ల అమ్మ ఈ కూరలో పల్లీలే వేసేది కాదట. ఉడికిన గింజల్లో గుప్పెడు తీసి మెత్తగా నూరి కలిపితే పులుసు చిక్కబడేదట. నాయనమ్మకి పెళ్లయ్యాక తాతయ్యకి ఇష్టమని పల్లీల పొడి మొదలుపెట్టిందట. నేను పుట్టినప్పటి నుంచి తింటున్నది తాతయ్య కోసం మార్చిన కూర అన్నమాట.

ఈరోజు పల్లీలు లేకుండా రెండోసారి చేశాను. గిన్నెలు, మిక్సీ జార్ అన్నీ సబ్బుతో రెండుసార్లు కడిగాను, ఇంట్లో ఉన్న పల్లీల డబ్బా ఆఫీసులో ఒకరికి ఇచ్చేశాను. ఉల్లిపాయలకి 45 నిమిషాలు పట్టింది. రెండో వాయి రంగు తిరుగుతుండగా ఆ వాసన వచ్చింది, అదే వాసన. గరిటె పట్టుకునే ఏడ్చేశాను. ఎందుకంత వచ్చిందో నాకే అర్థం కాలేదు.

ప్రయోగశాల · ఎనిమిదో రోజు, రాత్రి 10:55

చూపు, వినికిడి సమాచారం మెదడులో ఒక మజిలీ దాటి లోపలికి వెళ్తుంది. వాసన ఆ మజిలీ దగ్గర ఆగకుండా భావోద్వేగాలు, జ్ఞాపకాలు చూసుకునే భాగాలకి సూటిగా చేరుతుంది. ఆలోచన అందుకునేలోపే ఏడుపు రావడం అందుకే. దాన్ని ఆపుకోవాలని చూడకండి. స్టవ్ మాత్రం సిమ్‌లో పెట్టండి.

ముందు రోజు రాత్రే కూర చేసి పెట్టుకుందామనుకుంటే ఒక మాట. పొయ్యి మీదే తెల్లవార్లూ వదిలేయొద్దు. వండినది గది వేడిలో 2 గంటలకి మించి ఉంచకూడదు, బాగా ఎండగా ఉండే రోజుల్లో 1 గంటే. లోతు గిన్నెలో మధ్య భాగం చల్లారడానికి చాలాసేపు పడుతుంది, వెడల్పు పళ్లేల్లో పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. తిరిగి వేడి చేసేటప్పుడు అంతా బుడగలు వచ్చేలా మరగాలి. మిగిలిన అన్నానికి ఇంకా జాగ్రత్త కావాలి. బియ్యంలో ఉండే ఒక బాక్టీరియా తాలూకు బీజాలు ఉడికినా చావవు, అన్నం బయట ఉండిపోతే మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం వేడి చేసినా పోదు.

పెద్దక్క · పదో రోజు, మధ్యాహ్నం 2:10

నాదొక చిన్న మాట. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే నిలబడితే ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోతుంది, రుచి సరిగ్గా తెలియదు. ఆఖరిసారి ఉప్పు చూసే ముందు పది నిమిషాలు బయట గాలికి నిలబడి, నీళ్లు తాగి, అప్పుడు చూడు. లేకపోతే చప్పగా ఉందనుకుని ఇంకాస్త వేసేస్తావు.

ఇంటికి ఫోన్ వంట మొదలుపెట్టే ముందే చెయ్యి. మధ్యలో చేస్తే మనసు అక్కడికి, కూర అడుగుకి పోతాయి.

గరిటెపట్టినవాడు · 11వ రోజు, రాత్రి 11:30

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెని పైకి ఎగజిమ్ముతాయి. స్టవ్ ఆపి, మూత పెట్టి, కదపకుండా వదిలేయండి. సరిపోయే మూత రేపు చేతికి అందేచోట పెట్టుకోండి. బాగా జరగాలి.

వానకోయిల · 13వ రోజు, రాత్రి 10:15

అందరికీ. పండగ రాత్రే రాద్దామనుకున్నా, కుదరలేదు.

ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాను. ఒంటిగంట అనుకుంటే ఒంటిగంట ఇరవైకి కూర్చున్నాం. అన్నం, కూర, కీరా ముక్కలు, ముందు రోజు చేసిన తీపి. కూర నాయనమ్మ చేసినంత బాగా రాలేదు, కానీ అదే కూర అని తెలుస్తోంది. పల్లీలు పడని అమ్మాయి రెండోసారి వడ్డించుకుంది. ఎవరింటికి వెళ్లినా ముందు ఇందులో ఏమేం వేశారని అడిగి, సగం భయంతోనే తింటుందట. నిన్న మాత్రం వంట చేస్తున్నంతసేపూ నా పక్కనే నిలబడింది, ప్రతిదీ చూసింది.

సాయంత్రం నిదానం గారు చెప్పినట్టే అయింది. ఐదున్నరకి వాళ్లు వెళ్లిపోయారు. గిన్నెలు కడిగాను. ఆ తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. మీరు ముందే చెప్పినా నేను ఆ గంటకి ఏమీ అనుకోలేదు, వంట గురించే ఆలోచించాను. చాలా కష్టంగా గడిచింది. ఇంట్లో అందరూ ఒకే గదిలో ఉన్న ఫోటో తమ్ముడు పంపాడు, చూసి ఇంకా ఏడ్చాను. ఏడింటికి ఆ అమ్మాయే తలుపు కొట్టింది. మిగిలిన కూర ఉందా అంది. ఇద్దరం మళ్లీ తిన్నాం.

నిదానం · 13వ రోజు, రాత్రి 10:50

ఆ సాయంత్రం గురించి నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది తల్లీ. నిన్న నేను ఆ టైమ్‌కి పక్కింటి పిల్లాడికి లెక్కలు చెబుతూ కూర్చున్నాను. ఇది నాకు మూడో ఏడాదికి గానీ తోచలేదు.

రెండోమెట్టు · 14వ రోజు, ఉదయం 8:00

హాస్టల్ వంటాయన పొయ్యి ఇచ్చారన్నా! ఆరుగురం మిగిలాం, ఆయన కూడా మాతోనే తిన్నారు. ఆయనా రెండేళ్లుగా పండక్కి ఇంటికి వెళ్లలేదట. అక్కా, నాయనమ్మ కూర కొలతలు పెడతారా? వచ్చే వారం అందరం కలిసి చేద్దామనుకుంటున్నాం.

వానకోయిల · 14వ రోజు, రాత్రి 9:25

తప్పకుండా. ఇవి ముగ్గురికి, మీరు ఆరుగురు కాబట్టి రెట్టింపు చేసుకో. ఉడికే టైమ్ మాత్రం రెట్టింపు చేయకు. ఉల్లిపాయలు నాలుగు వాయలుగా వేయించు.

ఎండు రాజ్మా 200 గ్రాములు, రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో పూర్తిగా మెత్తబడేదాకా. ఉల్లిపాయలు 500 గ్రాములు, సన్నగా. నూనె 40 గ్రాములు. టమాటాలు 250 గ్రాములు. అల్లం 10, వెల్లుల్లి 12. కారం 5 గ్రాములు, జీలకర్ర మూడు వేళ్ల చిటికెడు. ఉప్పు 9 గ్రాములు, ముందు 6 వేసి మిగతాది చివర్లో. ఉడికిన గింజల్లో ఒక గుప్పెడు నూరి కలపాలి. అన్నీ కలిశాక సన్నటి సెగ మీద గంట, మధ్యమధ్యలో అడుగు నుంచి కలుపుతూ ఉండు. ముందు మీ ఆరుగురిలో ఎవరికి ఏది పడదో అడుగు.